దిండు పట్టిన పాలు

మా వియ్యాలవారింట్లో మనుషులకన్నా ఏసీలు ఎక్కువ. మేడ మీద ఎవరూ పడుకోని గదిలో కూడా ఒకటుంది. చుట్టాలొస్తే ఆ గది తలుపు తీసి, ఏసీ వేసి, కాసేపు చూపించి, మళ్ళీ ఆపేసి తలుపు వేస్తారు. కిందటేడు వేసవిలో, ఐదోనెల పాపని ఎత్తుకుని మా అమ్మాయితో పాటు నేను ఆ ఇంట్లో దిగినప్పుడు నాకూ చూపించారు.

"చల్లగా ఉందాండీ?" అని అడిగారు మా వియ్యంకుడు చంద్రరావుగారు, ఆ చల్లదనం తన చేత్తోనే పిండినట్టు.

"చాలా చల్లగా ఉందండీ అన్నయ్యగారూ" అన్నాను. ద్రాక్షారామంలో ఏళ్ళ తరబడి తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. అర్థం లేని వాక్యాన్ని వ్యాకరణం తప్పకుండా చెప్పడం నాకు చేతనవును.

వాళ్ళది భీమవరం పక్క ఊరు. రొయ్యల చెరువులు. మా అమ్మాయి వెంకటదుర్గ భీమవరంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్లు చెబుతుంది. పురిటి సెలవు అయిపోయింది. పగలంతా తల్లి ఇంట్లో ఉండదు కాబట్టి పాపకి డబ్బాపాలు అలవాటు చెయ్యాలి. అది అలవాటయ్యేదాకా నన్ను ఉండమన్నారు.

హాల్లో అద్దాల బీరువా ఉంది. అందులో మేత కంపెనీవాళ్ళు ఇచ్చిన షీల్డుల పక్కన పాలసీసాలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. మా వియ్యపురాలు సూర్యకళగారు ఒక్కొక్కటీ తీసి చూపించింది.

"మా చెల్లెలు హైదరాబాదు నుంచి పంపిందండి వదినగారూ. దీంతో తాగితే కడుపులోకి గాలి పోదంట. ఇదిగో, ఇది కడిగే మిషను. ప్లగ్గు పెడితే చాలండి."

నేను సంచిలోంచి ఉగ్గుగిన్నె తీసి బల్ల మీద పెట్టాను. స్టీలుది, చిన్నది, ఒక పక్క అంచు సాగి ఉంటుంది. అది నా తెలివేం కాదు. పాప నెల తక్కువగా పుట్టింది. రొమ్ము పట్టే ఓపిక లేకపోతే, తల్లి పాలు పిండి ఆస్పత్రిలో నర్సులు గిన్నెతోనే పట్టారు. రేపు డబ్బాపాలు మొదలుపెట్టినా సీసా జోలికి పోవద్దని, గిన్నెతోనే పట్టమని అక్కడి డాక్టరు చెప్పి పంపాడు. ఆ మాటే చెప్పాను.

సూర్యకళగారు గిన్నె వంక, ఎవరో చెప్పులు బల్ల మీద పెట్టినట్టు చూసింది.

"అయ్యో, ఇంకా ఇవేంటండీ వదినగారూ! మా చెరువుల మీద కాపలావాళ్ళ పిల్లలు కూడా సీసాలతోనే తాగుతున్నారు."

సోమవారం పొద్దున్నే వెంకటదుర్గ పాపకి కడుపునిండా పాలిచ్చి కాలేజీ బస్సెక్కింది. మళ్ళీ పాల వేళయ్యేసరికి సూర్యకళగారు సోఫాలో సర్దుకుని కూర్చుంది. పనిమనిషి వీరమ్మ పాలు కలిపి సీసా అందించింది. రబ్బరు పీక పెదవులకి తగలగానే పాప మొహం తిప్పేసుకుంది. బలవంతంగా పెడితే నాలుకతో తోసేసింది. ఆ తర్వాత ఏడుపు మొదలైంది.

"పీకకి కాస్త తేనె రాస్తే సరి" అంది వియ్యపురాలు.

"తేనె ఇప్పుడే పెట్టకూడదన్నారండీ" అన్నాను.

అల్లుడు గణేష్‌బాబు వచ్చాడు. ఇంజనీరింగ్ చదివి, తండ్రి చెరువుల మీద తిరుగుతుంటాడు. తనూ ప్రయత్నించాడు. పాప చొక్కా నిండా పాలు, ఆయన చొక్కా నిండా పాలు, కడుపులోకి మాత్రం చుక్క పోలేదు.

"ఆకలేస్తే అదే తాగుద్ది అత్తయ్యగారూ. రెండు రోజులు ఏడిస్తే దారికొచ్చేస్తుంది. నెట్‌లో కూడా అదే ఉంది."

"ఎవరు దారికి రావాలి బాబూ, ఐదు నెలల పిల్లా?"

నేనేదో హాస్యమాడాననుకుని నవ్వాడు. మా అల్లుడికి వ్యంగ్యం అర్థం కాదు. ఆయన చదివిన సిలబస్‌లో ఉండి ఉండదు.

ఆ సమయానికే చంద్రరావుగారు గుమ్మంలో నిలబడి చెరువు మీద మనిషితో ఫోనులో మాట్లాడుతున్నారు. చెరువులోకి తాళ్ళతో పళ్ళేలు దింపి, అందులో మేత వేసి, కాసేపటికి పైకి లాగి రొయ్యలు తిన్నాయో లేదో చూస్తారట. "ఎంత మిగిలింది? పళ్ళెం సరిగ్గా చూడరా. తినలేదా? ఎందుకు తినలేదు? నీళ్ళు పరీక్షకి పంపించు, ఇప్పుడే!" అని అరిచారు. ఫోను జేబులో పెట్టుకుని లోపలికి చూశారు.

"ఏంటా ఏడుపు? ఉక్కపోస్తోందేమో, ఏసీ వెయ్యండి."

మధ్యాహ్నానికి పాప గొంతు బొంగురుపోయింది. నేనిక ఎవరినీ అడగలేదు. వంటింట్లోకి వెళ్ళి, కాచిన నీళ్ళు గోరువెచ్చగా అయ్యాక పాలు కలిపి, గిన్నెలో పోసుకుని పెరటి వసారాలో కూర్చున్నాను. పాపని ఒళ్ళో నిటారుగా ఆనించుకుని, మెడ వెనక చెయ్యి పెట్టి, గిన్నె అంచు కింది పెదవికి తాకించాను. పొయ్యలేదు. పాలు పెదవిదాకా వచ్చేలా వంచి ఊరుకున్నాను. ఏడుపు మధ్యలో ఆగింది. పిల్లిపిల్లలా నాలుక చాపి రుచి చూసింది. మళ్ళీ చాపింది. తర్వాత నా మొహం వంక చూస్తూ, గుక్క గుక్కకీ ఆగి ఊపిరి తీసుకుంటూ, నింపాదిగా తాగింది. తుండుగుడ్డ మీద కొంత ఒలికింది. మిగతాది లోపలికి పోయింది. భుజాన వేసుకోగానే నిద్రపోయింది.

తల తిప్పి చూస్తే తలుపు దగ్గర సూర్యకళగారు. పిల్ల తాగినందుకు సంతోషించాలో, గిన్నెతో తాగినందుకు బాధపడాలో తేల్చుకోలేనట్టు నిలబడింది.

"అరగంట పట్టిందండీ వదినగారూ! పూటపూటకీ ఇలా ఎవరు కూర్చుంటారు?"

ఆ ఇంట్లో ఎవరున్నారో నేను అప్పటికే చూశాను. ఆవిడుంది, ఆవిడ అత్తగారుంది, వంటమనిషి, వీరమ్మ, డ్రైవరు ఉన్నారు. చెరువు నీళ్ళకి గాలి పట్టించే చక్రం ఒకటి ఆగిందంటే చాలు, ఇంటిల్లిపాదీ లేచి పరుగెడతారు. ఆ చురుకుదనం చూసి తీరాలి. అరగంట మాత్రం ఒక్కరి దగ్గరా లేదు.

"నేను కూర్చుంటానండీ" అన్నాను.

"మీరున్నన్నాళ్ళు సరేనండి" అంది తియ్యగా.

మా గోదావరి జిల్లాల మర్యాదలో సుఖం ఇదే. పొమ్మనడానికి కూడా ముందు మంచినీళ్ళిచ్చి, చివర 'అండి' తగిలిస్తాం.

అలా కొన్నాళ్ళు గడిచాయి. పాప గిన్నె చూడగానే కాళ్ళు ఆడించేది. ఒక సాయంత్రం మేత డీలరు భార్య వచ్చింది. నేను హాల్లోనే కూర్చుని పాలు పడుతున్నాను.

"వదినగారూ, లోపల ఏసీలో పట్టండి, పాపకి హాయిగా ఉంటది" అంది సూర్యకళగారు.

"ఇక్కడ బాగానే ఉందండీ."

"సీసా తాగదాండీ పాప?" అని అడిగింది వచ్చినావిడ, జాలిగా.

"ఎందుకు తాగదండీ, తాగుద్ది! మా వదినగారికి పాతకాలం పద్ధతులంటే ఇష్టం" అంది వియ్యపురాలు. నవ్వింది గానీ, మెడ దాకా ఎర్రబడింది. మనవరాలు సీసా లేకుండా పెరగడం ఆవిడకి నగలు లేకుండా పెళ్ళికెళ్ళినంత అవమానం.

ఆ రాత్రి భోజనాలయ్యాక వెంకటదుర్గ నా పక్కన చేరింది.

"అమ్మా, ఇక సీసా అలవాటు చెయ్యనీ. నువ్వెళ్ళాక వాళ్ళే కదా చూసుకోవాలి. గిన్నె పట్టుకుని కూర్చునే ఓపిక ఇక్కడ ఎవరికీ లేదు."

"నీకు తెలుసన్నమాట."

"తెలిసి ఏం చెయ్యమంటావు? ఏమన్నా అంటే, నువ్వే ఇంట్లో ఉండి పట్టుకో అంటారు. నేను ఉద్యోగం మానెయ్యాలని అత్తయ్యగారు ఎదురుచూస్తున్నారు. అది మాత్రం నేను చెయ్యను."

"మానెయ్యమని నేనంటానా? నీ ఉద్యోగానికీ, నోరు విప్పి ఒక మాట చెప్పడానికీ సంబంధమేంటి?"

తల దించుకుంది. వందమంది పిల్లల ముందు మైకు లేకుండా పాఠం చెప్పే గొంతు, అత్తగారి హాల్లోకి వచ్చేసరికి పూడుకుపోతుంది. నా కూతురే అయినా, ఆ పూట దాన్ని చూస్తే నాకు జాలి రాలేదు. చిరాకే వచ్చింది.

రెండు రోజులకి అల్లుడు వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"ఎండలకి మీకిక్కడ ఇబ్బందిగా ఉందేమో అత్తయ్యగారూ. కారు పెట్టిస్తాను."

ఎండలు ద్రాక్షారామంలోనూ ఉన్నాయని నేననలేదు. చీర పెట్టారు, మామిడిపళ్ళ బుట్ట పెట్టారు. వీరమ్మ చేతుల్లోంచి పాప నా వైపు వంగితే, "అమ్మమ్మకి టాటా చెప్పు" అని దాని చెయ్యి పట్టుకుని ఊపారు. ఉగ్గుగిన్నె నా సంచిలోనే సర్ది ఉంది. నేను పెట్టలేదు. కాలువలకి నీళ్ళు కట్టేసిన రోజులు. దారి పొడుగునా కాలువల్లో బురద, ఎండిన గుర్రపుడెక్క, ఆ వాసన. కారు అద్దాలు దించమంటే డ్రైవరు, "ఏసీ పోతుందండీ" అన్నాడు.

వారం తిరక్కుండా సూర్యకళగారు వీడియో కాల్ చేసింది. పాప నోట్లో సీసా ఉంది. "చూశారా వదినగారూ! అలవాటు పడిపోయింది. రెండు రోజులు గట్టిగా ఏడిచింది, అంతే." ఆవిడ మొహంలో విజయం. సిగ్నల్ లేదని చెప్పి పెట్టేశాను.

కాలువలకి నీళ్ళొదిలాక ఒకనాడు వెంకటదుర్గ ఫోన్ చేసి, "పాపకి కాస్త చికాకుగా ఉందమ్మా. ఒళ్ళు వెచ్చగా ఉంటోంది. పళ్ళొస్తున్నాయంటున్నారు" అంది. దాని గొంతులో ఏదో ఉంది. మర్నాడు ఎవరికీ చెప్పకుండా బస్సెక్కాను.

నేను వెళ్ళేసరికి ఆ ఇంట్లో పెళ్ళి జరుగుతున్నట్టుంది. చెరువు పట్టుబడి, రొయ్యలు పట్టి అమ్మే రోజు. వీధిలో ఐసు వ్యాన్లు, హాల్లో కొనుగోలుదారుల మనుషులకి భోజనాలు. సూర్యకళగారు పట్టుచీరలో వడ్డనలు చేయిస్తోంది.

"అరె, వదినగారూ! ఏంటండీ చెప్పకుండా! రండి రండి, భోంచెయ్యండి."

"పాపేదండీ?"

"పైన పడుకుందండి. పాలు తాగుతోంది."

"పడుకుందా, తాగుతోందా?"

"రెండూనండి" అంది, సాంబారు గిన్నె అందుకుంటూ.

మేడెక్కాను. చుట్టాలకి చూపించే ఆ గదిలోనే ఉంది పాప. ఏసీ హోరుమంటోంది. అటూ ఇటూ రెండు దిళ్ళు. మూడోది మడిచి గుండెల మీద పెట్టి, దాని మీద సీసా ఆనించారు. పీక నోట్లో ఉంది. తాగగలిగినంత తాగుతోంది. మిగతాది చెంప మీంచి జారి చెవిలోకి పోతోంది. ఆ చెవి చుట్టూ పచ్చగా ఏదో అట్ట కట్టి ఉంది. ఒళ్ళు కాలిపోతోంది. ఏడవడం లేదు. కప్పు వంక చూస్తూ పడుకుంది.

సీసా తీసి అవతల పెట్టి, పాపని ఎత్తుకున్నాను. వెనకాలే వీరమ్మ వచ్చింది.

"నేను ఒళ్ళో పెట్టుకునే పట్టేదాన్నండి అమ్మగారూ. కింద ఇంత పనుంటే అక్కడ కూకుంటావేంటే, పెట్టేసి రా అన్నారండి. రోజూ ఇంతేనండి" అంటూ కొంగుతో పాప చెంప తుడిచింది.

మెట్లు దిగుతుంటే చంద్రరావుగారు ఎదురొచ్చారు. ఆస్పత్రికన్నాను.

"ఇవాళా! ఇవాళ పట్టుబడండీ చెల్లెమ్మగారూ. కార్లన్నీ చెరువు మీదున్నాయి. సాయంత్రం వెళ్దురుగాని. పళ్ళొచ్చేటప్పుడు జ్వరం మామూలేగా."

"మీరు రొయ్యల్ని చూసుకోండి అన్నయ్యగారూ. ఎండెక్కితే పాడైపోతాయి" అని వీధిలోకి నడిచాను. పట్టుచీర గుమ్మందాకా వచ్చి, "అందరి ముందూ ఇదేంటండీ" అనడం వినపడింది. రోడ్డు మీద ఆటో ఎక్కి వెంకటదుర్గకి ఫోన్ చేశాను.

భీమవరంలో పిల్లల డాక్టరు క్రిస్టినాగారు. మా వంతు వచ్చేసరికి వెంకటదుర్గ మెడలో కాలేజీ ఐడీ కార్డుతోనే పరుగెత్తుకొచ్చింది. వెనక గణేష్‌బాబు, చెరువు మీంచి అలాగే వచ్చాడు. ఆయనతో పాటు రొయ్యల వాసన గది నిండా వచ్చింది. డాక్టరు చెవిలోకి లైటు వేసి చూసింది. రెండో చెవి కూడా చూసింది.

"చీము పట్టింది. మందులకి తగ్గుతుంది గానీ, ఇంకా నాన్చి ఉంటే వినికిడికే ముప్పొచ్చేది. పడుకోబెట్టి సీసా పెడుతున్నారా?"

"లేదండీ" అన్నాడు అల్లుడు వెంటనే. "మా అమ్మ ఒళ్ళో పెట్టుకునే పడుతుంది."

నేను నోరు తెరిచాను. నాకన్నా ముందు నా కూతురు మాట్లాడింది.

"కాదండీ. దిండు పెట్టి పడతాం."

మెల్లగానే అంది. గణేష్‌బాబు దాని వైపు తిరిగాడు. అది డాక్టరు వంకే చూస్తోంది. 'పడతారు' అనలేదు, 'పడతాం' అంది. పాఠాలు చెప్పిన ప్రాణం కదా, ఆ క్రియాపదం దగ్గరే నా మనసు ఆగిపోయింది.

డాక్టరు మందులు రాస్తూ, "ఇకమీదట ఎత్తుకుని, నిటారుగా కూర్చోబెట్టి పట్టండి. గిన్నె అలవాటుంటే అదే మంచిది. శుభ్రం చెయ్యడమూ తేలిక" అంది.

"గిన్నెతో అయితే పక్కన మనిషి ఉండి తీరాలండీ" అన్నాడు అల్లుడు, అది గిన్నెలో ఉన్న లోపమన్నట్టు.

క్రిస్టినాగారు తల ఎత్తింది. "అవునండీ. అందుకే."

బయటికి వచ్చాక అల్లుడి ఫోను మోగుతూనే ఉంది. చెరువు మీంచి. వెంకటదుర్గ పాపని నా దగ్గర్నుంచి తీసుకుని భుజాన వేసుకుంది.

"మీరు వెళ్ళి పట్టుబడి చూసుకోండి. మేము రాము."

"రాము అంటే?"

"రాము అంటే రామండీ. మా కాలేజీ సత్యప్రసాద్ మాస్టారి మేడ మీద పోర్షను ఖాళీగా ఉంది. కాలేజీ గోడ పక్కనే. అమ్మ ఫోన్ రాగానే అడిగాను."

అరవలేదు, ఏడవలేదు. మందుల షాపు వైపు నడిచింది. నేను వెనకాల నడిచాను. అల్లుడు మోగుతున్న ఫోను చేత్తో పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

ఆ పోర్షనులో రెండు గదులు, ఒక పంకా. మధ్యాహ్నం విరామంలో వెంకటదుర్గ గోడ పక్క దారిన వచ్చి పాలిచ్చి వెళ్ళేది. మిగతా వేళల్లో నేను గిన్నెతో డబ్బాపాలు పట్టేదాన్ని. సీసా మరిగిన పిల్ల మళ్ళీ గిన్నెకి రావడానికి కొంచెం పేచీ పెట్టింది. వచ్చింది. చెవి తగ్గింది. మళ్ళీ పరీక్ష చేయిస్తే వినికిడి బాగానే ఉందన్నారు. పక్కింట్లో కుక్కర్ కూత వేస్తే అటు తిరిగి చూసేది. ఆ తిరగడం కోసం నేనూ వెంకటదుర్గా కూతల కోసం కాచుకుని కూర్చునేవాళ్ళం.

సూర్యకళగారు రాలేదు. నేను ఆవిడ కొడుకు సంసారాన్ని వీధిలో పెట్టానని చుట్టాలందరికీ ఫోన్లు చేసి చెప్పిందట. ఆ మాటలు నాకు చేరవేసినవాళ్ళకి కాఫీలిచ్చి పంపాను. ఆ ఫోన్లకి పట్టిన వేళలో మనవరాలికి ఎన్ని పూటల పాలు పట్టొచ్చో ఆవిడకి తట్టదు.

అల్లుడు మొదట అలిగి రాలేదు. తర్వాత పళ్ళ సంచీతో వచ్చి గుమ్మంలో నిలబడి వెళ్ళాడు. ఇంకోసారి కూర్చున్నాడు. ఒక ఆదివారం, "నేను పడతానత్తయ్యగారూ" అన్నాడు. పాపని తీసుకుని, గిన్నె పెట్టి, గబుక్కున వంచాడు. పాపకి పొలమారింది.

"పొయ్యకూడదు బాబూ. అంచు ఆనించి ఊరుకోండి. తాగడం దాని పని."

"ఊరుకుని?"

"ఊరుకోవడమే."

ఊరుకోవడం ఎవరూ నేర్పలేదు పాపం ఆయనకి. సగం పాలు బనీను తాగింది. అయినా వెళ్ళలేదు. ఇంకో పూట కూడా పట్టాడు. ఆషాఢంలో బట్టల సంచీ తెచ్చుకున్నాడు. ఇప్పుడు అక్కణ్ణించే మోటారు సైకిలు మీద చెరువులకి వెళ్ళొస్తున్నాడు. మా అమ్మాయి ఆయన్ని రమ్మని అడగలేదు, వద్దనీ అనలేదు.

ఒకరోజు ముసురు పట్టి ఉండగా చంద్రరావుగారు వచ్చారు. ఐసులో సర్దిన రొయ్యల డబ్బా గుమ్మంలో దించి, "పెద్ద సైజండీ, ఎగుమతి సరుకు" అన్నారు. కింద కారు ఇంజను ఆపలేదు. నేను ఒళ్ళో పాపతో, చేతిలో గిన్నెతో ఉన్నాను. కూర్చోకుండానే మనవరాలి వంక చూసి, "బాగుందాండీ?" అన్నారు.

లేచి, పాపని ఆయన ఒళ్ళో కూర్చోబెట్టి, గిన్నె చేతికిచ్చాను. ఏం చెయ్యాలో తోచక కుర్చీలో కూలబడ్డారు. ఎలా పట్టాలో చూపించాను. కూలీలనీ, కమీషను ఏజెంట్లనీ గడగడలాడించే మనిషి, గిన్నె ఒలికిపోతుందేమోనని భుజాలు బిగబట్టుకుని కూర్చున్నారు.

"ఎంతసేపు పడుద్దండీ?"

"తాగినంతసేపు పడుతుందండీ."

కింద డ్రైవరు హారను కొట్టాడు. ఆయన సగం లేవబోయారు. పాప రెండు చేతులతో ఆయన మణికట్టు పట్టుకుని, గిన్నె తనవైపు లాక్కుంది. మళ్ళీ కూర్చున్నారు. హారను మళ్ళీ మోగింది. అలవాటు కొద్దీ అరవడానికి నోరు తెరిచి, పాప మొహం చూసి, గొంతు తగ్గించారు.

"కాస్త చెప్పండి చెల్లెమ్మగారూ వాణ్ణి ఆపమని. పాప తాగుతోంది."

బాల్కనీలోకి వెళ్ళి చెప్పాను. తిరిగి వచ్చేసరికి ఆయన పంచె మీద పాల మరకలు. తల ఎత్తలేదు.

ఆ ఒక్క మాటకి ఆయన మీద నా అభిప్రాయం మారిందని కాదు. స్టవ్ వెలిగించి కాఫీ మాత్రం పెట్టాను.